చల్లదనమును ఓములలో కొలుచుట



వైశాఖ జ్యేష్ఠ మాసములలో కృష్ణాతీరమున కారు నడుపువారికి ఏ.సి. యంత్రము విలాసవస్తువు కాదు; పట్టపగలు ప్రయాణము సాగవలెనన్నచో పెట్రోలెంత అవసరమో అదియు అంతే అవసరము. అట్టి యంత్రము విజయవాడలో బయలుదేరినప్పుడు మంచుగాలి చిమ్మి, ఏలూరు సమీపించునప్పటికి క్రమక్రమముగా నీరసించి, ఫ్యాను చివరి మెట్టువరకు త్రిప్పినను హోరు వినిపించుటయే గాని ముఖమునకు గాలి సోకక, విసిగి కారు ఆపి ఒక కాఫీ త్రాగి వచ్చి మరల వేసినచో ఏమియు ఎరుగనట్లు చల్లగా పనిచేయుట మీలో పలువురకు అనుభవమై యుండును. ఈ వ్యాధికి ఆటోనగరులో పెక్కుచోట్ల సిద్ధముగా నుండు నిర్ణయమొక్కటియే: "గ్యాస్ తగ్గింది సార్, ఎక్కిద్దాం."

గ్యాస్ కాలి ఖర్చయిపోవు పదార్థము కాదు. మూతవడిన గొట్టములలో ఆవిరియై, మరల ద్రవమై, ఏండ్ల తరబడి అదే పని చేయుచు తిరుగుచుండు వస్తువది. ఎచ్చటనో సందు దొరికి కారిపోయిననే తప్ప తరుగదు. అది నిజముగా తరిగినదో లేదో పీడనమును చూపు గేజి తగిలించినచో చాలవరకు తెలియును. గేజి సరిగానే చూపుచున్నను ఉన్న గ్యాసును గాలిలోనికి వదలి క్రొత్తది నింపువారు యజమాని సొమ్ముతోపాటు ఆకాశమును కూడ పాడుచేయుచున్నారు. ఏలయన కార్లలో విరివిగా వాడుకలోనున్న ఆర్ 134ఏ అను వాయువు ఒక కిలో బయటపడినచో, నూరేండ్ల లెక్కలో అది భూమిని వేడెక్కించుట విషయమున సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము. నేడు నేను ప్రస్తావింపదలచినది ఆ వాయువును గూర్చి కాదు. దానికి ముందుగా అనుమానింపవలసినదియు, సులువుగా దొరకు సాధనములతోనే పరీక్షింపదగినదియు, మిరియపు గింజ పాటి పరిమాణము గలదియునగు ఒక పూసను గూర్చి.

డాష్‌బోర్డు వెనుక, గ్లవ్‌బాక్సునకు ఆవలనో దాపుననో, మేస్త్రీలు కూలింగ్ కాయిల్ అని పిలుచు పరికరముండును. సన్నని అల్యూమినియపు రేకులు దగ్గరదగ్గరగా పేర్చినట్లుండు దాని సందులగుండా గాలి పోవునప్పుడు, గాలిలోని వేడిమియేగాక తేమయు దిగిపోయి నీటిబొట్లై రేకులపై నిలిచి, గొట్టముద్వారా కారు క్రిందికి కారును. కాయిల్ ఉష్ణోగ్రత సున్నకు దిగువకు జారినచో ఆ బొట్లు కారవు, అక్కడనే గడ్డకట్టును. గడ్డకట్టిన కొలది సందులు మూసికొనిపోవును, సందులు మూసికొనిపోయిన కొలది గాలి ఆడదు, గాలి ఆడని కొలది కాయిల్‌కు వేడి అందక మరింత గడ్డకట్టును. ఏలూరు రోడ్డుమీద జరిగినది ఇదియే. కాఫీ త్రాగు వ్యవధిలో ఆ మంచు కరగినది గనుకనే మరల గాలి వచ్చినది. నిలిపిన కారు క్రింద మామూలుకంటె అధికముగా నీరు మడుగు కట్టియుండుటయు దానికి నిదర్శనము.

ఇట్లు జరుగకుండుటకై రేకుల నడుమ ఒక చిన్న సెన్సర్‌ను గ్రుచ్చి యుంచుదురు. కాయిల్ ఉష్ణోగ్రత ఒకటి రెండు మూడు డిగ్రీల ప్రాంతమునకు దిగినంతనే అది ఆ సంగతి తెలియజేయగా, గ్యాసును అదుము కంప్రెసర్‌ను ఇంజనుతో కలుపు క్లచ్ టక్కున విడిపోవును. కాయిల్ కొంచెము వెచ్చబడినంతనే మరల టక్కున పట్టుకొనును. ఈ సెన్సర్ ఉన్నదానికంటె వెచ్చగా నున్నదని అబద్ధమాడినచో క్లచ్ విడువక కాయిల్ గడ్డకట్టును. ఉన్నదానికంటె చల్లగా నున్నదని అబద్ధమాడినచో కంప్రెసర్ పని ముగియకమునుపే ఆగిపోయి, లోపలివారు చెమటలు కార్చుచుందురు. రెండు లక్షణములును పరస్పర విరుద్ధములు, మూలము మాత్రము ఒక్కటియే. రెండింటికిని మన షెడ్లలో జరుగు చికిత్స కూడ ఒక్కటియే యగుట విచారకరము.

ఈ ఏర్పాటు కార్లకు పుట్టుకతో వచ్చినది కాదు. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీవారు 1940 నాటి నమూనాలలో మొట్టమొదట కర్మాగారమునందే ఏ.సి. అమర్చి యమ్మినప్పుడు, ఆ కంప్రెసర్‌కు క్లచ్చే లేదు. ఇంజను తిరుగుచున్నంతసేపు అదియు తిరుగవలసినదే, ఆపదలచినచో బండి నిలిపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయవలసినదే. అంత ధనము వెచ్చించి కొన్న దొరలు టోపీ తీసి బెల్టు ఊడదీయుచున్న దృశ్యమును ఊహించుకొనుట నాకు కొంత వినోదముగా నుండును. కావలసిన ఉష్ణోగ్రతను ఒకమారు నిర్ణయించి విడిచినచో యంత్రమే దానిని నిలుపుకొనునట్టి ఏర్పాటు 1964 నాటి క్యాడిలాక్ కార్లతో ప్రచారములోనికి వచ్చినది. అట్లు నిలుపుకొనవలెనన్నచో యంత్రమునకు స్పర్శజ్ఞానముండవలెను గదా! ఆ జ్ఞానము కలిగించునది మన పూసయే. దానికి థెర్మిస్టర్ అని పేరు.

విద్యుత్తు ప్రవహించుటకు ప్రతి పదార్థమును ఎంతోకొంత అడ్డు చెప్పును. పాఠ్యపుస్తకములలో నిరోధమనబడు ఆ అడ్డును ఓములలో కొలుతురు. ఆ పేరు 1827లో తన సిద్ధాంతమును గ్రంథరూపమున ప్రకటించిన జర్మను పండితుడు ఓమ్‌ను బట్టి వచ్చినది. రాగి, వెండి, ప్లాటినము వంటి లోహములు వేడెక్కిన కొలది నిరోధము హెచ్చును. ఇందుకు భిన్నముగా 1833లో మైకేల్ ఫారడే వెండి గంధకముల సమ్మేళనమును పరీక్షించుచు, క్రింద దీపపు సెగ తగిలించినంతనే అది విద్యుత్తును మరింత ధారాళముగా పోనిచ్చుటయు, చల్లార్చినచో మరల బిగబట్టుటయు గమనించెను. లోహములలో విద్యుత్తును మోయు ఎలక్ట్రానులు మొదటినుండియు సమృద్ధిగా నుండును, వేడి వాటి దారిలో పరమాణువుల అల్లరిని పెంచుటయే చేయును. ఫారడే చేతిలోనిది వంటి పదార్థములలో మోయువారే కరవు, వేడి తగిలిననే గాని వారు కదలరు. ఆయన గమనించిన ఆ గుణము దాదాపు నూరేండ్లు ప్రయోగశాలలోని వింతగా మిగిలిపోయి, 1930 తరువాతనే వ్యాపారవస్తువైనది. నేడు మాంగనీసు, నికెలు, కోబాల్టు వంటి లోహముల భస్మములను, అనగా ఆక్సైడులను, కలిపి అదిమి ఆవములో కాల్చి ఈ పూసలను చేయుచున్నారు. రాగి తీగ ఒక డిగ్రీకి నూటికి అరవంతు కూడ మారదు. ఈ పూస మామూలు ఉష్ణోగ్రతలో డిగ్రీకి నూటికి నాలుగు వంతులకు పైగా మారును. ఇంత స్పష్టముగా మాటలాడు సాక్షి అగ్గువకు దొరకుచుండగా కారు తయారుచేయువారు వేరొకదానిని ఏల కోరుదురు?

ఇప్పుడు అంకెలు. అన్ని కంపెనీల సెన్సర్లును ఒక్కతీరున నుండవు. 25 డిగ్రీలవద్ద కొన్నింటి నిరోధము 2 వేల ఓముల ప్రాంతమున, కొన్నింటికి 5 వేలు, కొన్నింటికి 10 వేలు ఉండును. లెక్కకు వీలుగా పదివేలదానినే తీసికొందము. ఈ జాతిలో విరివిగా దొరకునది 25 డిగ్రీలవద్ద 10 వేల ఓములు చూపినచో, 50 డిగ్రీలవద్ద 3,600 చూపును. సున్న డిగ్రీలవద్ద ఇంచుమించు 33 వేలు చూపును. కారులోని నియంత్రణ పెట్టె తనలోని మారని నిరోధకమొకదానిని ఈ పూసతో వరుసగా కలిపి, రెండింటికిని 5 వోల్టులు పెట్టి, పూస వాటాకు ఎన్ని వోల్టులు వచ్చినవో చూచుకొనును. మారని నిరోధకము కూడ 10 వేలే అనుకొనుడు: 25 డిగ్రీలవద్ద వాటా చెరిసగమై రెండున్నర వోల్టులు, సున్నవద్ద 3.8కి పైగా, 50 డిగ్రీలవద్ద 1.3. తీగ తెగినచో వాటా మొత్తము 5 వోల్టులును పూసవైపే కనిపించును గనుక, దానిని పెట్టె దుర్భరమైన చలిగా భావించి కంప్రెసర్‌ను ఆపివేయును. రోహిణికార్తె మధ్యాహ్నమున మన కారు తాను హిమాలయములపై నున్నట్లు తలచుచున్నదన్నమాట.

పరీక్షకు కావలసినది మల్టీమీటర్. విజయవాడలోనైనను వరంగల్లులోనైనను ఎలక్ట్రికల్ సామానుల కొట్టులో ఏ కొద్ది సొమ్ముకో దొరకు పసుపుపచ్చ మీటరు చాలును. మొదట ఇంజను ఆపి, తాళముచెవి తీసి, సెన్సర్‌ను తీగలకు కలుపు కప్లర్‌ను విడదీయవలెను. కప్లర్ విడదీయక కొలిచినచో మీటరు పంపు స్వల్పమైన విద్యుత్తు పెట్టెలోనుండియు దారి చేసికొని, మనకు వచ్చు అంకె పూసదియు గాక పెట్టెదియు గాక ఒక సంకరమగును. పిమ్మట మీటరు మీటను ఓముల విభాగములో తగిన మెట్టునకు త్రిప్పవలెను. 33 వేలు చూపవలసిన సెన్సర్‌ను 20 వేల మెట్టుపై కొలిచినచో ఈ అగ్గువ మీటర్లు ఎడమవైపున ఒంటరిగా 1 అంకె మాత్రము చూపి ఊరకుండును; అది తెగిపోయినదని భావించి మంచి సెన్సర్‌ను పారవేసినవారు కలరు. అట్టిచో 200 వేల మెట్టునకు మార్చి చూడవలెను.

అంకె వచ్చినది, అయితే దాని అర్థమేమి? "పదహారు వేలు వచ్చింది, మంచిదేనా?" అని అడుగుట, రోగిని చూపక నాడి ఎన్నిసార్లు కొట్టుకొన్నదో చెప్పి మందిమ్మనుట వంటిది. ఏ ఉష్ణోగ్రతవద్ద పదహారు వేలు అన్నదే ప్రశ్న. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు లోపల ఎన్ని డిగ్రీలున్నదో ఎవరికిని తెలియదు గనుక, అక్కడనే కొలిచి తీర్పు చెప్పుట సాహసము. ఎల్లరును ఒప్పుకొనదగిన ఉష్ణోగ్రత ప్రకృతిలో ఒకటి సిద్ధముగా నున్నది: కరగుచున్న మంచు. ఆటోనగరులో నేనెరిగిన పెద్ద మేస్త్రి యొకడు ఏ.సి. బండి రాగానే గేజి కోసము గాక కుర్రవానికోసము కేక వేయును: "ఒరేయ్, సోడా కొట్టుకెళ్ళి ఐసు ముక్క పట్రా. ఐసుక్రీం బండి దగ్గర వద్దు, దాంట్లో ఉప్పుంటది!" ఆ కేకలో ఒక భౌతికశాస్త్ర ప్రకరణమే ఇమిడియున్నది. ఉప్పు కలిసిన మంచు సున్నకు ఎంతయో దిగువకు పోవును. మనకు కావలసినది శుద్ధమైన నీటిమంచు.

అతని పద్ధతి చూడదగినది. ఐసును గోనెగుడ్డలో చుట్టి సుత్తితో నలుగగొట్టి, స్టీలు గ్లాసు అడుగుదాక ఆ పొడిని కూరి, పైన కొలదిగా మంచినీరు పోయును. నిండ నీరు పోసి నాలుగు ముక్కలు పైన తేలవిడిచినచో చాలదా యని అడుగవచ్చును. చాలదు, ఏలయన నీరు 4 డిగ్రీలవద్ద అత్యంత సాంద్రమై అడుగునకు దిగును, పైన మంచు తేలుచున్నను గ్లాసు అడుగున 4 డిగ్రీలే యుండవచ్చును. ఆ నాలుగు డిగ్రీలకే మన పూస నిరోధము 33 వేలనుండి 27 వేలకు తగ్గిపోవును. కాయిల్ రేకులలోనుండి బయటికి తీసిన సెన్సర్ కొనను సన్నని ప్లాస్టిక్ కవరులో దూర్చి, కవరులోని గాలి పిండివేసి, మంచుపొడి నడిమికి దింపి, అతడు బీడీ ముట్టించును. తొందరపడడు. అంకె మొదట పరుగెత్తును, పిమ్మట నడచును, చివరకు నిలుచును. నిలిచిన అంకెయే అంకె. మీటరు ప్రోబులను సెన్సర్ కాళ్లకు చిన్న మొసలి క్లిప్పులతో తగిలించునే గాని చేతులతో పట్టుకొనడు. అతని ఒడలు చెమటతో తడిసియుండును; తడిచేతి చర్మము లక్ష ఓములకు దిగినను ఆశ్చర్యము లేదు, ఆ లక్ష మన 33 వేలకు ప్రక్కదారియై మీటరుపై 25 వేలుగా కనబడును. సున్నవద్ద నున్న సెన్సర్ ఆరు డిగ్రీలని చెప్పినట్లగును, నేరము సెన్సర్‌ది గాదు.

కంపెనీవారి పట్టిక దగ్గరనున్నచో సున్న డిగ్రీల అంకెను దానితో పోల్చి పని ముగింపవచ్చును. మన షెడ్లలో పట్టికలుండుట అరుదు. అప్పుడు రెండవ గ్లాసు కావలెను. ఇంటిలో జ్వరము చూచు థర్మామీటర్ ఉండును గదా. గోరువెచ్చని నీటిలో అదియు సెన్సర్‌ను కలిపి ముంచి, థర్మామీటర్ 40 డిగ్రీలు చూపువరకు వేడినీరు కొంచెము కొంచెముగా కలిపి, నిరోధమును మరల కొలువవలెను. అంతకంటె చాల వేడియైన నీటిలో పాదరసపు జ్వరమానిని ముంచరాదు, అది పగిలిపోవును. ఈ జాతి సెన్సర్లలో పెక్కింటికి సున్నవద్ద నిరోధము 40 డిగ్రీలవద్ద నిరోధమునకు సుమారు ఐదారు రెట్లుండును. 2 వేలదైనను 10 వేలదైనను ఈ నిష్పత్తి పెద్దగా మారదు. పట్టిక లేకయే, సెన్సర్ జాతి తెలియకయే, పూస సజీవముగా నున్నదో లేదో ఈ రెండు గ్లాసుల నడుమ తేలిపోవును. రెండు చోట్లను ఒకే అంకె చూపినచో, లేక రెండు మూడు రెట్లకు మించి తేడా రానిచో, దానిని మరి నమ్మనక్కరలేదు.

మంచుగ్లాసులో సెన్సర్ నిజమే చెప్పినచో వెనువెంటనే పెట్టెను అనుమానింపరాదు. పూసకును పెట్టెకును నడుమ తీగలున్నవి, కప్లర్ ఉన్నది; నా అనుభవమున దోషులలో పెద్దభాగము ఇచ్చటనే దాగియుండును. కాయిల్ పరిసరము నిత్యము తేమతో నుండుటచేత కప్లర్‌లోని రాగిపిన్నులు పచ్చని చిలుము పట్టును. ఆ చిలుము 8 వేల ఓముల అదనపు నిరోధము కల్పించినదనుకొనుడు. కాయిల్ వాస్తవముగా 8 డిగ్రీలవద్ద నుండి, పూస 22 వేలు చూపుచుండగా, పెట్టెకు 30 వేలు కనిపించును. అది 2 డిగ్రీల అంకె. గాలి ఇంకను చల్లబడవలసి యుండగనే క్లచ్ విడిపోవును. దీనికి విపరీతముగా, కప్లర్‌లో నీరు నిలిచి రెండు పిన్నుల నడుమ 33 వేల ఓముల దొంగదారి ఏర్పడినచో, సున్నవద్ద నున్న కాయిల్ 14 డిగ్రీలవద్ద నున్నట్లు పెట్టె భావించి, రేకులు మంచుదిమ్మెయైపోవుచున్నను కంప్రెసర్‌ను నడిపించుచునే యుండును. రెండు సందర్భములలోను పూస నిర్దోషి. మీటరును తగిలించియుంచి తీగను అక్కడక్కడ మెల్లగా వంచి చూచునప్పుడు అంకె ఉలికిపడినచో లోపల తెగి తగులుచున్న తీగయున్నదని తెలిసికొనవలెను. ఈ పనికి అంకెల మీటరుకంటె పాతకాలపు ముల్లు మీటరే మెరుగు, ముల్లు ఉలికిపాటు కంటికి ఇట్టే దొరకును.

కారు ముందు బంపరు వెనుక బయటి గాలిని కొలుచు సోదర సెన్సర్ ఒకటి కలదు. దానిని గూర్చి ఒక్కమాట. బెంజిసర్కిల్ దగ్గర బండి నిలిచియుండగా డాష్‌బోర్డుపై 50 డిగ్రీలు చూచి, నేడు ఎండలకు పేరుపొందిన రెంటచింతలను మించినదని ఇంటికి ఫోను చేయువారు కలరు. అది ఊరి ఎండ కాదు. ముందుబండి పొగయు, తన ఇంజను సెగయు, తారురోడ్డు ఆవిరియు కలిసిన లెక్క. బండి కదలి గాలి ఆడినపిమ్మట చూపునదే దాని నిజమైన సాక్ష్యము.

పరీక్షలో కాయిల్ సెన్సర్ చెడినదని నిశ్చయమైనచో మార్చుట కష్టము గాదు. చాల కార్లలో గ్లవ్‌బాక్సు విప్పి, పాతదానిని కాయిల్ రేకులలోనుండి సూటిగా లాగి, క్రొత్తదానిని అదే చోట, అదే లోతున గ్రుచ్చుటతో సరిపోవును. కష్టమంతయు కొనుటలో నున్నది. విడిభాగముల కొట్టులో ఒకే కప్లర్ గలిగి వేరువేరు నిరోధములు గల సెన్సర్లు ఒకే డబ్బాలో పడియుండును. "కప్లర్ సరిపోయింది కదా మేస్త్రీ, ఇంకేం కావాలి?" అని కొట్టువాడు తొందరపెట్టును. 10 వేలదాని స్థానమున 2 వేలది తగిలించినచో, కాయిల్ గడ్డకట్టు వేళకు అది 7 వేలకు మించి చూపలేదు. ఆ అంకెను పెట్టె 30 డిగ్రీల పైమాటగా చదువుకొనును, క్లచ్ ఎన్నటికిని విడువదు. అందుచేత మన పెద్దమేస్త్రి చెడిన సెన్సర్‌ను కూడ జేబులో వేసికొని పోవును. అది తీగ తెగియో చిట్లియో చెడినదైనచో పోలికకు పనికిరాదు. అప్పుడు అదే నమూనా కారు వేరొకటి షెడ్డులో నున్నచో దాని సెన్సర్‌ను కొలిచి ఆ అంకెను అట్టముక్కపై వ్రాసికొని పోవును. కొట్టు గట్టుపైననే మీటరు పెట్టి, డబ్బాలోనివాటిని ఒక్కొక్కటిగా, అన్నియు ఒకే నీడపట్టున నున్నవి గనుక, కొలిచి చూచి, అట్టపై అంకెకు దగ్గరగా నున్నదానిని ఏరి, అటుపిమ్మటనే ధర అడుగును.